మగ్గం గుంటలో కీచురాయి

కిందటి ఏడు రథయాత్ర వెళ్లిన వారానికి మా ఇంట్లో ఆ కూత మొదలైంది. రాత్రి పదింటికి దీపాలు ఆర్పి పడుకోగానే ‘కిర్ర్, కిర్ర్’ అని ఒకటే గొంతు. వీధిలో ఎక్కడో కూస్తోందిలే అనుకున్నాం. ఒడిశాలోని మా బరంపురంలో తొలకరి పడ్డాక కీచురాళ్లు కూయకపోతేనే వింత. మూడో రాత్రికి అది వీధిలో కాదు, మా గోడల మధ్యనే ఉందని తెలిసింది. ఇంకో వారం తిరిగేసరికి ఆ ఒక్క గొంతుకు మరో రెండు మూడు గొంతులు తోడయ్యాయి.

మాది నేత వీధి. ఇళ్లన్నీ గోడకు గోడ ఆనుకుని సన్నగా, పొడుగ్గా ఉంటాయి. వీధి తలుపు తీస్తే ముందు గది, దాని వెనక నడిమి గది, వంటిల్లు, ఆ తర్వాత నుయ్యి ఉన్న పెరడు. ఎన్నో తరాల కిందట మా వాళ్లు ఆంధ్ర వైపు నుంచి వలస వచ్చారని పెద్దలు చెబుతారు. ఇంట్లో ఇప్పటికీ తెలుగే. నేను కీచురాయి అనే దాన్ని అత్తయ్యగారు ఇలకోడి అంటారు, పక్కింటి ఒడియా పిన్ని, మేం మావుసి అని పిలిచే ఆవిడ, ఝింకారి అంటుంది. ఏ పేరుతో పిలిచినా నిద్ర పోయింది మాత్రం అత్తయ్యగారికే. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్లు. మామూలుగానే రాత్రి ఒంటి గంట దాటితే కన్ను అంటుకోదు. ఆ కొద్దిపాటి నిద్రనూ ఆ కూత తినేసింది. తెల్లవారుజామున లేచి చూస్తే ఆవిడ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉండేవారు.

నా భయం నిద్ర గురించి మాత్రమే కాదు. నేను ఇంట్లోనే పట్టుచీరలకు కుచ్చులు కడతాను, ఫాల్స్ కుడతాను. బరంపురం పట్టు అంటే అంచు పొడవునా గుడి గోపురాల వరుస తేలేలా నేసే ఫోడా కుంభ చీరలు. ఒక్కో చీర నేయడానికి పట్టే శ్రమ ఎంతో నేత ఇంటి కోడలిగా నాకు తెలుసు. అలాంటివి ఏ రోజు చూసినా పదో పన్నెండో మా ముందు గదిలో ఉంటాయి. ఏ ఒక్కటీ నాది కాదు.

మొదటి పది రోజులూ టార్చి పట్టుకుని వేటాడాం. ఒక్క అడుగు వేయగానే కూత ఆగిపోతుంది. ఊపిరి బిగబట్టి నిలబడితే రెండు నిమిషాలకు మళ్లీ మొదలవుతుంది. ఈసారి వేరే మూల నుంచి వస్తున్నట్టు తోస్తుంది. బియ్యం డబ్బాలు జరిపాం, దేవుడి పీట కదిపాం, బీరువా వెనక చీపురు ఆడించాం. దొరికినవి రెండు బొద్దింకలు, ఎప్పుడో పోయిన అత్తయ్యగారి కళ్లద్దాల కాడ.

తర్వాత మావారు దుకాణం నుంచి పురుగులమందు స్ప్రే తెచ్చారు. గోడల వారన కొట్టిన రాత్రి నిశ్శబ్దంగానే ఉంది. కాని అత్తయ్యగారికి దగ్గు పట్టుకుంది. పట్టు ఉన్న గదిలో ఆ మందు చల్లడానికి నాకు చేతులు రాలేదు. మూడో రాత్రి మళ్లీ అదే కూత. శబ్దంతో పురుగుల్ని తరిమేస్తుందని చెప్పిన ఒక ప్లగ్గు పరికరాన్ని ఆరు వందలు పెట్టి కొన్నాం. నెల రోజులు గోడకు వెలుగుతూనే ఉంది, దాని పక్కనే కీచురాయి కూస్తూనే ఉంది. చీరల మధ్య కలరా ఉండలు వేయమని ఒకరు సలహా ఇచ్చారు. జరీకి ఆ ఉండలు తగిలితే మెరుపు చెడుతుందని మా నేతవాళ్లు ఎప్పుడూ చెబుతారు కాబట్టి ఆ పని చేయలేదు.

శ్రావణ మాసంలో నేను భయపడినదే జరిగింది. పెళ్లివారి కోసం ఒక దుకాణం నుంచి కుచ్చులకు వచ్చిన ముదురు ఎరుపు చీర అది. పొద్దున పని మొదలుపెడదామని పైట కొస విప్పితే శనగగింజంత చిల్లు కనిపించింది. ఇంకో మడత విప్పాను, అక్కడా అదే. మడత మీద మడతగా ఉన్న గుడ్డను ఒక్కచోట కొరికితే, విప్పినప్పుడు వరసగా నాలుగు చిల్లులు తేలాయి. అంచులు కత్తిరించినట్టు లేవు, పీకినట్టు ఉన్నాయి. పక్కన నల్లటి చిన్న రెట్ట గింజలు. చీరను పూర్తిగా దులిపితే ఎండుగడ్డి రంగులో ఉన్న కీచురాయి ఒకటి కింద పడి, గెంతి, బల్ల కిందికి పోయింది.

ఆ చిల్లులు సరిగ్గా అక్కడే ఎందుకు పడ్డాయో ఆలోచిస్తే నాకే తట్టింది. ముందు రోజు సాయంత్రం అత్తయ్యగారి తలకు కొబ్బరినూనె రాసి, జడ వేసి, చేతులు పైపైన తుడుచుకుని ఆ చీర మడతపెట్టాను. నా బొటనవేలి నూనె మరక పడిన మూలనే అది కొరికింది. ఆ తప్పు నాదే. అదే రోజు దుకాణానికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. చీర ఖరీదు తొమ్మిదిన్నర వేలు. నా కూలి నుంచి నెలకు కొంత పట్టుకునేలా ఒప్పుకున్నారు, నాకు పని ఇవ్వడం మానలేదు. చీర నా దగ్గరే ఉండిపోయింది. అత్తయ్యగారు తన డబ్బాలో దాచుకున్న పట్టు పోగుల్లో ఆ రంగుకు దగ్గరైనది వెతికి, మూడు మధ్యాహ్నాలు కిటికీ దగ్గర కూర్చుని ఆ చిల్లులకు రఫు చేశారు. ఆవిడ చూపు మసకబారింది కాని వేళ్లు మసకబారలేదు.

వీధి చివర ఒక పెద్దాయన ఉంటారు, వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. మేమంతా బాబాయిగారు అంటాం. పట్టుకున్న కీచురాయిని సీసాలో వేసుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. ఇన్నాళ్లూ తెలియకుండానే యుద్ధం చేశానని ఆయన మాటలు విన్నాక అర్థమైంది.

‘ఇది ఆడది. ఇది కూయదు’ అన్నారు ఆయన సీసాను వెలుగులోకి ఎత్తి. కూసేది మగదేనట. ముందు రెక్కల్లో ఒకదాని అడుగున ఆకురాయి పళ్లలాంటి గరుకు ఉంటుంది, రెండో రెక్క అంచు దాని మీద రాసుకుంటే ఆ శబ్దం పుడుతుంది. గొంతుతో పనే లేదు. చెవులు తలకు కాక ముందుకాళ్లకు, మోకాలి కింద ఉంటాయి. తోక దగ్గర రెండు సన్నని కాడలు, వాటి నిండా నూగు. మనిషి కదిలితే కలిగే గాలి అలికిడి ఆ నూగుకు తగులుతుంది. మేం అడుగు వేయగానే కూత ఎందుకు ఆగిపోతుందో అప్పుడు తెలిసింది. ఆడదానికి ఆ రెండు కాడల మధ్య సూదిలాంటి గొట్టం ఒకటి అదనంగా ఉంటుంది. దాన్ని తడి మట్టిలో గుచ్చి గుడ్లు పెడుతుంది. వెచ్చగా ఉన్నచోట గుడ్డు పిల్లై, పిల్ల పెరిగి కూత కూయడానికి రెండు మూడు నెలలు చాలు. పిల్ల కూడా పెద్దదాని ఆకారంలోనే ఉంటుంది, రెక్కలు మాత్రం ఉండవు.

‘నీకు వినపడేవి నాలుగు. వినపడని ఆడవి, పిల్లలు ఎన్నో లెక్క వేసుకో. కూతను వెతకొద్దమ్మా, తడిని వెతుకు’ అన్నారు. ఇంటికి వస్తూ ఆ ఒక్క మాటే నెమరు వేసుకున్నాను.

అవి తినేదాని గురించి కూడా ఆయనే చెప్పారు. ఆకులు, గింజలు, చచ్చిన పురుగులు, కాగితం, జిగురు, గంజి, నూలు, ఉన్ని, పట్టు, దేన్నీ వదలవు. గుడ్డల్లో చెమట, నూనె, తిండి మరకలు ఉన్నచోటికి ముందు వెళతాయి. మా పెరట్లో దీపం దగ్గర వాలే ముదురు గోధుమరంగు పురుగును కూడా చూపించాను. దాని ముందుకాళ్లు పారల్లా వెడల్పుగా ఉంటాయి. అది కుమ్మరి పురుగు. మట్టిలో తిరిగినా మట్టి అంటదని సామెతలో చెప్పేది దాన్నే. అదీ కీచురాయికి చుట్టమే కాని నేలలో బొరియలు చేసుకుని వేర్లు తింటుంది, దీపానికి పొరపాటున వస్తుంది. పొలాల్లో ఉండే నల్లటి లావుపాటి కీచురాయి వేరు. ఇంట్లో కాపురం పెట్టేది నా సీసాలో ఉన్న ఈ గడ్డిరంగుది. దేనితో వ్యవహరిస్తున్నామో తెలియకుండా మందు కొట్టడం దండగ అని ఆయన మెత్తగానే మందలించారు.

మా అబ్బాయి పదో తరగతి. కీచురాయి కూత వేగం వేడిని బట్టి మారుతుందని, 1897లో డాల్‌బేర్ అనే అమెరికా శాస్త్రవేత్త కూతలు లెక్కబెట్టి ఉష్ణోగ్రత చెప్పే సూత్రం ఒకటి రాశాడని బాబాయిగారి దగ్గర విని వచ్చి, ఆ రాత్రి ఫోను పట్టుకుని లెక్క మొదలుపెట్టాడు. ఆయన చెప్పిన సూత్రం చెట్ల మీద ఉండే వేరే జాతి కీచురాయిది, మా ఇంటి దానికి సరిపడదు. అయినా ఆ లెక్క మరోలా పనికొచ్చింది. ఒకే సమయంలో ఒకటి వేగంగా, ఒకటి నిదానంగా కూస్తుంటే అవి రెండు వేర్వేరు చోట్ల ఉన్నాయన్నమాట. వంటింటి వైపు నిదానంగా ఒకటి, ముందు గదిలో వేగంగా కనీసం మూడు.

చోటు కనిపెట్టే ఉపాయం కూడా వాడిదే. కీచురాయి గొంతు సెకనుకు నాలుగైదు వేల కంపనాల దగ్గర సన్నగా, ఒకే స్థాయిలో ఉంటుంది. ఆ స్థాయి శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో మన చెవులు తేల్చుకోలేవు. కాబట్టి ఒక్కరు వెతికితే లాభం లేదు. దీపాలు ఆర్పి, వీధి తలుపు దగ్గర వాడు, నడిమి గది గడప మీద మావారు, కిటికీ పక్కన నేను కదలకుండా నిలబడ్డాం. అయిదు నిమిషాలకు కూత మొదలైంది. కళ్లు మూసుకుని, తలను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ, శబ్దం ఎటు వినబడితే అటు చెయ్యి చాపాలి. అప్పుడు దీపం వేసి మూడు చేతులూ ఎక్కడ కలుస్తాయో చూడాలి.

మొదటిసారి చేతులు కలవలేదు. రెండోసారి, మూడోసారి ఒక్కచోటే కలిశాయి. నా కుట్టుమిషను కింద.

కుట్టుమిషను కింద చాప, చాప కింద చెక్కలు, చెక్కల కింద మగ్గం గుంట.

ఆ గుంట సంగతి చెప్పాలి. మా ఇంట్లోది గుంట మగ్గం. నేతగాడు నేల మట్టానికి కూర్చుని, గుంటలోకి కాళ్లు దింపి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తాడు. రెండున్నర అడుగుల లోతు ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చిననాటికే ఆ గుంట ఉందని, అప్పుడు దానిలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నది మామగారి తండ్రి అని ఇంట్లో చెప్పుకుంటారు. మామగారు 2016లో పోయారు. మావారు నేత నేర్చుకోలేదు, బస్టాండు దగ్గర మందుల దుకాణంలో పనిచేస్తారు. ఏడాది చూసి మగ్గాన్ని వేరే నేతగాడికి ఇచ్చేశాం. గుంట మీద చెక్కలు పరిచాం, చాప వేశాం. ఆ మీద నా మిషను పెట్టుకున్నాను. చైత్రంలో మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రకు చుట్టాలు వచ్చినప్పుడు ఆ చాప మీదే నలుగురు పడుకునేవారు. ఆ చెక్కల కింద ఏముందో అన్నేళ్లలో ఎవరం చూడలేదు.

ఆదివారం పొద్దున చెక్కలు లేపాం. ముందు తడి మట్టి వాసన కొట్టింది. లోపల పాత గోనె సంచులు, విరిగిన అచ్చు (మగ్గంలో పోగులు దూర్చే దువ్వెన), అట్టపెట్టెలు, చిక్కుపడిన నూలు. టార్చి వెలుగు పడగానే గోనె మీద నుంచి పదులకొద్దీ కీచురాళ్లు గుంట గోడలకు ఎగబాకాయి. వాటిలో చీమంత పిల్లలు కూడా ఉన్నాయి. మా అబ్బాయి కెవ్వున అరిచాడు. నాకు మాత్రం కోపం రాలేదు, కడుపులో ఏదో కదిలినట్టయింది. ఇన్నాళ్లూ నేను దాని మీదే కూర్చుని ఇతరుల పెళ్లి చీరలు కుట్టాను.

అత్తయ్యగారు మంచం మీద నుంచి లేచి వచ్చి గుంట ఒడ్డున కూర్చున్నారు. లోపలికి చూసి, ‘ఆయన రోజూ పొద్దున దీన్ని తుడిచేవారు. చీపురు వేరేగా ఉండేది దీనికి’ అన్నారు. కాసేపాగి, ‘అప్పుడూ ఇలకోళ్లు ఉండేవేమో. మగ్గం నాడె చప్పుడులో మనకు వినబడి ఉండదు’ అన్నారు. నాకు అలా అనిపించలేదు. రోజుకు ఎనిమిది గంటలు మనిషి కాళ్లు ఆడిన చోట, రోజూ చీపురు తిరిగిన చోట అవి గుడ్లు పెట్టలేవు. కాళ్లు తీసేశాక వచ్చాయి. ఆ మాట ఆవిడతో అనలేదు.

సంచులు, అట్టలు అన్నీ పెద్ద ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి బయటికి తీసుకెళ్లాం. అచ్చును మాత్రం డాబా మీద ఎండలో పెట్టాం. మిగిలిన కీచురాళ్లను చీపురుతో బక్కెట్‌లోని సబ్బు నీళ్లలోకి ఊడ్చాం. గుంట అడుగున ఒక పక్క మట్టి ముద్దలా ఉంది. ఆ గోడకు అవతల మావుసి వాళ్ల స్నానాల గది. చెబితే ఆవిడే ముందు కంగారుపడి, ఆ మధ్యాహ్నమే ప్లంబరును పిలిపించి గోడలో కారుతున్న గొట్టం మార్పించింది. బాబాయిగారు వెతకమన్న తడి అదే. గొట్టం మార్చకుండా ఏ మందు చల్లినా ఏడాది పొడవునా చల్లుతూనే ఉండేవాళ్లం.

ఇక గుంటను ఏం చేయాలన్నది తేలలేదు. ఇసుక నింపి, పైన సిమెంటు వేసి, టైల్స్ పరిచేద్దామని మావారు అన్నారు. లెక్కకు అదే మంచి పని. నేనూ ఒప్పుకున్నాను. మేస్త్రీని పిలిచాం. అతను కొలత టేపు విప్పుతుంటే అత్తయ్యగారు ఏమీ అనలేదు. పెరట్లోకి వెళ్లి నూతి గట్టు మీద కూర్చుని, భోజనానికి పిలిచినా రాలేదు. సాయంత్రం మావారు తల్లి పక్కన కూర్చుని చాలాసేపు ఏదో మాట్లాడి లోపలికి వచ్చారు. ‘పూడ్చొద్దు. కట్టిద్దాం’ అన్నారు.

పది రోజులు చెక్కలు తీసి, టేబుల్ ఫ్యాను గుంటలోకి తిప్పి ఆరబెట్టాం. సున్నం చల్లాం. తర్వాత మేస్త్రీ అడుగున, నాలుగు వైపులా ఇటుక కట్టి సిమెంటు పూత పూశాడు. ఇప్పుడు అది ఖాళీ తొట్టెలా ఉంది, ఎక్కడా పగులు లేదు, గుడ్డు పెట్టడానికి పిడికెడు మట్టి లేదు. పాత చెక్కల బదులు వడ్రంగి చేత ఒకే మూత చేయించి, చుట్టూ రబ్బరు పట్టీ కొట్టించాం. అన్నీ కలిపి ఏడు వేల లోపే అయింది. పూడ్చడానికి మేస్త్రీ అడిగింది ఇంకా ఎక్కువ.

గుంట పని అయ్యాక కూత ముప్పాతిక వంతు తగ్గింది. మిగిలింది బయటి నుంచి వచ్చేవాటి సంగతి. ఇందులో నాకు బాగా పనిచేసింది, దాదాపు ఖర్చు లేనిది, దీపం మార్చడం. మా వీధి తలుపు మీద, పెరటి తలుపు మీద తెల్లటి ఎల్ఈడీ బల్బులు ఉండేవి. పురుగుల కళ్లకు నీలం, తెలుపు వెలుగు బాగా కనబడుతుంది, పసుపు అంతగా కనబడదు. రెండిటికీ పసుపు బల్బులు పెట్టాం. పెరటి దీపం పని ఉన్నప్పుడు మాత్రమే వేస్తున్నాం. వీధి స్తంభం మీది తెల్లదీపాన్ని మేం మార్చలేం కాబట్టి చీకటి పడగానే ముందు కిటికీకి తెర దించుతాం.

పెరటి తలుపుది వేరే కథ. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఆ తలుపు మీద నూతి పక్కనున్న మునగచెట్టు పడింది. ద్వారబంధం పక్కకు ఒరిగింది. అప్పటి నుంచి తలుపు వేసినా కింద ఒక వేలు దూరేంత సందు ఉండేది. ఎన్నాళ్లుగానో చూస్తున్న సందే అయినా, అది కీచురాయికి సింహద్వారమని తట్టలేదు. రాత్రి లోపల దీపం వేసి పెరట్లో చీకట్లో నిలబడి చూడండి, ఎక్కడెక్కడ వెలుగు గీత కనబడితే అక్కడల్లా దారి ఉన్నట్టే. అలా చూసి తలుపు కింద రబ్బరు పట్టీ వేయించాం, ద్వారబంధం పక్క బీటలకు సిలికాన్ పెట్టాం, గోడ బీటలకు వైట్ సిమెంటు పూశాం. స్నానాల గది తూముకు స్టీలు జాలీ బిగించాం. కిటికీలకు దోమల జాలీ ఉన్నా రెండు చోట్ల చిరిగి ఉంది, మార్చాం. పెరట్లో గోడకు ఆనించి పెట్టిన పాత కర్రలు, పగిలిన కుండలు, తుక్కు తీసేసి, గోడ వారన రెండు మూడు అడుగుల వెడల్పున గడ్డి మొక్క లేకుండా చేశాం. నూతి దగ్గర నీళ్లు నిలవకుండా చిన్న కాలువ తవ్వాం.

లోపల మిగిలిపోయినవాటికి బెల్లం నీళ్లు పెట్టాను. వెడల్పాటి గిన్నెలో సగం దాకా చిక్కటి బెల్లం నీళ్లు పోసి, ఎక్కడానికి వీలుగా అట్ట ముక్క వాలుగా ఆనించాలి. మొదటి రాత్రి చీమలే నిండాయి. గిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టి, అట్ట కొసను పక్కనున్న పీట మీద ఆనించాక రాత్రికి ఏడెనిమిది కీచురాళ్లు పడ్డాయి. నాలుగు రాత్రులకు రెండుకు తగ్గాయి, ఆ తర్వాత ఖాళీ. బీటల లోపలికి బోరిక్ పొడి చల్లాను. క్యారమ్ బల్ల మీద చల్లేది అదే కాబట్టి మా అబ్బాయి డబ్బాలోనే దొరికింది. అది కడుపులోకి పోతే మనుషులకూ ప్రమాదమే. పసిపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇళ్లలో అవసరం లేకపోతే వాడొద్దు, వాడినా చేయి చేరని లోపలి బీటల్లోనే వేసి మూసేయాలి.

ఒక్క పని చేసి బాధపడ్డాను. ఎలుకల కోసం అమ్మే జిగురు అట్ట ఒకటి వంటింట్లో గోడ వారన పెట్టాను. పొద్దున చూస్తే కీచురాయితో పాటు దాని కోసం వచ్చిన బల్లి కూడా అతుక్కుని ఉంది. కొబ్బరినూనె చుక్కలు చుక్కలుగా పోస్తూ, పుల్లతో ఒక్కో కాలూ విడిపించేసరికి గంట పట్టింది. రాత్రంతా మనకు వంటింట్లో కాపలా కాసే ప్రాణి అది. బల్లి, సాలీడు, పెరట్లో కప్ప తినే కీచురాళ్లకు లెక్క ఉండదు. ఆ తర్వాత జిగురు అట్ట మా గడప తొక్కలేదు.

చీరల విషయంలో నా పద్ధతి పూర్తిగా మారింది. చేతులు సబ్బుతో కడిగి, ఆరిన తర్వాతే పట్టు ముట్టుకుంటాను. జడ వేయడం, వంట చేయడం పూర్తయ్యాకే పనిలో కూర్చుంటాను. వచ్చిన చీరను అప్పుడే విప్పి, వెలుతురుకు ఎత్తి, చిల్లు గాని మరక గాని ఉంటే తెచ్చినవారి ఎదుటే చూపిస్తాను. ఉతికిన మెత్తటి నూలు గుడ్డలో చుట్టి బీరువాలో పెడతాను, కింది అరలో పెట్టను. కట్టి విడిచిన పట్టుచీరను చెమట ఆరకుండా మడతపెట్టవద్దని నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను. నూలు చీరలకు వర్షాకాలంలో గంజి పెట్టి దాచవద్దని కూడా.

కార్తీకం వచ్చేసరికి లోపల ఒక్క గొంతు కూడా వినబడలేదు. పుష్యంలో చలికి బయటవి కూడా ఆగాయి. అప్పుడే గెలిచామని అనుకోలేదు, చల్లబడితే అవి ఎలాగూ కూయవు కదా. ఈ ఏడు మళ్లీ తొలకరి పడి, రథయాత్ర వెళ్లి, నెల దాటాక ఇది రాస్తున్నాను. పెరటి గోడ అవతల కూస్తున్నాయి. ఇంట్లోకి ఈ నెలలో వచ్చినవి రెండే, రెండూ బెల్లం గిన్నెలో దొరికాయి.

ప్రతి ఆదివారం పొద్దున గుంట మూత తీసి, లోపల తుడిచి, రబ్బరు పట్టీ ఎక్కడైనా ఊడిందేమో చూస్తాను. దానికి చీపురు వేరేగా పెట్టాను. నేను పట్టీ సరిచూస్తున్నంతసేపూ అత్తయ్యగారు ఒడ్డున కూర్చుని, గుంటలోకి కాళ్లు దింపి ఉంటారు. తొక్కుడు చెక్కలు లేని చోట ఆవిడ పాదాలు ఒకదాని తర్వాత ఒకటి కదులుతుంటాయి. పోయిన ఆదివారం రఫు చేసిన ఆ ఎర్రచీర తెప్పించుకుని ఒళ్లో పరుచుకున్నారు. నాలుగో చిల్లు దగ్గర పోగు కాస్త లేచిందట. సూది ఎక్కించి ఇవ్వమన్నారు.